సగం బిందెలు

నా చిన్నప్పుడు మాకు లోకమంతా బస్సు దిగే వచ్చేది. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద, కట్టంగూరుకు కొంచెం ఇవతల మా నాయిన చాయ్ హోటల్ ఉండేది. హోటల్ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, రెండు బెంచీలు, ఒక మట్టి పొయ్యి, అంతే. అయినా పొద్దుటి బస్సులో పేపరు వచ్చేది. మా బడి సారు బెంచీ మీద కూర్చుని దాన్ని పెద్దగా చదివేవారు. ఎక్కడ ఎలక్షన్లు జరుగుతున్నాయో, ఎక్కడ యుద్ధం మొదలైందో, పల్లీల ధర ఎంత పడిపోయిందో అన్నీ మాకు చాయ్ తోనే తెలిసేవి. లారీ ఆగితే, కళ్ళు మూసుకుని కూడా అది ఏ దిక్కు నుంచి వచ్చిందో నేను చెప్పేదాన్ని. మిరపకాయల ఘాటు వస్తే కృష్ణ అవతలి లారీ, నిమ్మకాయల వాసన వస్తే నకిరేకల్ దిక్కుది. బడిలో గోడకు వేలాడే పటం కంటే నాకు ఆ వాసనల పటమే బాగా వచ్చేది.

ఇన్ని వచ్చే రోడ్డు మీద మంచినీళ్ళు మాత్రం లేవు. మా ఊరి నీళ్ళ సంగతి అప్పటివాళ్ళకు చెప్పనక్కరలేదు. బోరింగు కొడితే నీళ్ళు బాగానే పడేవి, కానీ నోట్లో పోసుకుంటే ఉప్పు. ఆ నీళ్ళతో పప్పు ఉడికేది కాదు, పాలు పోస్తే చాయ్ విరిగిపోయేది. అవే తాగి పెరిగిన మాకు వాటిలోని ఫ్లోరైడ్ తో పళ్ళు గోధుమరంగు తిరిగాయి, పెద్దవాళ్ళకు బొక్కలు, అదే ఎముకలు, వంగిపోయాయి. తాగడానికి పనికొచ్చే నీళ్ళు ఊరికి దూరంగా, చేలు దాటి పోతే ఒక మెట్ల బాయిలో దొరికేవి. ఆ బాయి ఒక ముసలామెది. ఆమెను ఊరంతా బాయి పెద్దమ్మ అనేది. నీళ్ళకు ఆమె ఎవరినీ కాదనేది కాదు.

హోటల్ కు ఆ నీళ్ళు తెచ్చేది మా అమ్మ. తల మీద ఒక బిందె, సంకలో ఒకటి. నేను చిన్న చెంబు పట్టుకుని వెనకాల నడిచేదాన్ని. తెచ్చిన నీళ్ళలో కొన్ని చాయ్ కి పోయేవి, మిగిలినవి హోటల్ ముందర ఉన్న రంజన్ లో పోసేది. రంజన్ అంటే నీళ్ళు చల్లబడే మట్టి కుండ. దాని మీద ఒక మూత, మూత మీద ఒక గ్లాసు. చాయ్ తాగినా తాగకపోయినా, బస్సు దిగినవాళ్ళు మొదట అక్కడికే వచ్చేవారు.

ఆ బాయికి ఒక పద్ధతి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు కానీ, అక్కడి నుంచి మంచినీళ్ళు మోసుకొచ్చేవాళ్ళకు దారిలో ఎవరైనా ఎదురై దోసిలి పడితే, బిందె దించి పోయాల్సిందే. అడగడం కూడా ఉండదు. వాళ్ళు వచ్చి నిలబడి, రెండు చేతులూ కలిపి నోటి దగ్గర పెట్టుకుంటారు, అంతే. గొర్లు కాసేవాళ్ళు, కట్టెలమోపులు తెచ్చేవాళ్ళు, చేలల్లో కూలి చేసేవాళ్ళు ఆ దారి మీద కన్నేసి ఉండేవారు. అందుకే మా అమ్మ బాయి దగ్గర నింపుకున్న బిందెలు హోటల్ చేరేసరికి సగమయ్యేవి. నేను చూసేదాన్ని. అమ్మ ఈ మాట నాయినకు ఎప్పుడూ చెప్పలేదు, నన్నూ చెప్పనీయలేదు.

నాయినకు ఆ పద్ధతి తెలియదని కాదు. కానీ నీళ్ళు తేవడం ఆడవాళ్ళ పని. ఆయన తెల్లవారకముందే పొయ్యి దగ్గర కూర్చుంటే మళ్ళీ చీకటి పడేదాకా లేచేవాడు కాదు. తెలిసి ఉండడం వేరు, మోసి చూడడం వేరు. బిందెలోకి తొంగి చూసినప్పుడల్లా ఆయనకు కోపం వచ్చేది.

"బిందె గట్టిగ పట్టుకొని రారాదే? సగం తొవ్వల్నే ఒలకవోస్తవు" అనేవాడు. అమ్మ కొంగుతో మెడ తుడుచుకుని గ్లాసులు కడగడానికి పోయేది.

నేను చెప్పబోయే ఎండాకాలం మామూలుది కాదు. అంతకుముందటి ఏడాది వానలు సరిగా పడలేదు. బాయిలో నీళ్ళు చివరి మెట్టు కిందికి పోయాయి. బాయి పెద్దమ్మ అందరికీ కొలత పెట్టింది. ఊరి ఇళ్ళకు ఇచ్చినట్టే మాకూ రోజుకు రెండు బిందెలు, అంతకుమించి లేదు. రెండు బిందెల నీళ్ళతో చాయ్ హోటల్ నడుస్తుందా? నాయిన మొహం చూస్తే నాకు భయమేసేది. మా వాడకట్టులో సగం మంది మగవాళ్ళు అప్పటికే బొంబాయి కూలికి పోయారు. హోటల్ మూతపడితే తనూ పోవాల్సిందేనని నాయిన బడి సారుతో అనడం నేను విన్నాను. బొంబాయి పోయినవాళ్ళు ఎప్పుడు వస్తారో ఎవరికీ తెలిసేది కాదు. మా పక్కింటి ఆయన పోయాక, ఆయన బిడ్డ తండ్రి మొహమే మరిచిపోయింది. నాకూ అట్లా అవుతుందేమోనని నా భయం.

ఒకరోజు నాయిన రంజన్ ను ఎత్తి తెచ్చి పొయ్యి వెనకాల పెట్టుకున్నాడు. చాయ్ తాగినోళ్ళకే నీళ్ళు అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే అయింది. నీళ్ళు మిగిలితే చాయ్ ఎక్కువ అమ్ముడవుతుంది, నాయిన ఇక్కడే ఉంటాడు. నా లెక్క అంతవరకే.

ఆ మధ్యాహ్నమే ఒక ముసలి పద్మశాలి చీరల మూట భుజానికేసుకుని బస్సు దిగాడు. మూట బెంచీ మీద పెట్టి, రంజన్ ఉండే జాగా వెతుక్కుని, మా వైపు చూశాడు.

"జర నీళ్ళియ్యి బిడ్డా."

"చాయ్ తాగుతవా?" అన్నాడు నాయిన.

ముసలాయన తలూపాడు, వద్దని. నాయిన బోరింగు వైపు చెయ్యి చూపించాడు. ఆయన పోయి బోరింగు కొట్టుకుని ఒక గుటక నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. మూట ఎత్తుకుని మళ్ళీ బస్సెక్కాడు. గ్లాసులు కడుగుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. అమ్మకు కోపం వస్తే అరవదు. అరిస్తే బాగుండుననిపించేంత నిశ్శబ్దంగా ఉంటుంది.

మర్నాడు పొద్దెక్కాక అమ్మ కాలిలో ముల్లు విరిగిందని కుంటుకుంటూ వచ్చి పొయ్యి దగ్గర కూలబడింది. చాయ్ నేను చూస్తాను, నీళ్ళు నువ్వు తేవాలి అంది నాయినతో. ఆయన విసుక్కున్నాడు కానీ వేరే దారి లేదు. పక్కింట్లో కావడి అడిగి తెచ్చుకున్నాడు. పోతూ పోతూ, నిండు బిందెలు ఎట్లా తేవాలో ఇవాళ చూపిస్తానని నా దిక్కు చూసి నవ్వాడు. నేను చెంబు పట్టుకుని వెంట నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ చెంగున లేచి చక్కెర డబ్బా అందుకుంటోంది. ముల్లు లేదు, గిల్లు లేదు.

నాయిన బాయిలోకి దిగి, రెండు బిందెలూ అంచుదాకా నింపి, కావడి భుజానికెత్తుకున్నాడు. నిజంగానే చుక్క ఒలకకుండా నడిచాడు. చేను మలుపు తిరిగామో లేదో గొర్లు కాసే పిల్ల పరుగెత్తుకొచ్చి ఎదురుగా నిలబడి దోసిలి పట్టింది. నాయిన ఒక్క క్షణం ఆగాడు. కావడి దించాడు. నేను చెంబుతో పోశాను. తాగి, మూతి తుడుచుకుని ఆ పిల్ల అడిగింది:

"ఇయ్యాల అక్క రాలేదా?"

నాయిన కావడి ఎత్తుకున్నాడు. కొంచెం దూరం పోయాక కట్టెలమోపుల ఆడవాళ్ళు మోపులు దించి నిలబడ్డారు. వాళ్ళూ తాగి అదే మాట అడిగారు, అక్కకు ఒంట్లో బాగుందా అని. ఒకామె తన మోపులోంచి నాలుగు పుల్లలు తీసి, పొయ్యిలోకి పనికొస్తాయి, అక్కకియ్యి అని నా చేతిలో పెట్టింది. నాయిన నా మొహం కేసి చూశాడు. నేను చెంబు కేసి చూశాను.

ఊరు దగ్గరపడ్డాక, చివరి ఇంటి అరుగు మీద ఒక ముసలి తాత కూర్చుని ఉన్నాడు. ఉప్పునీళ్ళు ఆయన బొక్కలను ఎప్పుడో వంచేశాయి. మమ్మల్ని చూసి కష్టపడి చేతులు రెండూ ఎత్తాడు. వేళ్ళు కొంకర్లు పోయి ఉన్నాయి, దోసిలి పట్టడానికి చేతులు కలవలేదు. నాయిన కావడి దించి ఆయన ముందర గొంతుక్కూర్చున్నాడు. తన దోసిలినే ఆయన నోటికి ఆనించి, పోయమని నాకు సైగ చేశాడు. నేను పోస్తుంటే నాయిన చేతుల్లోంచి ఆ తాత తాగాడు. చాలాసేపు తాగాడు. నాయిన గడ్డం మీదుగా చెమట కారుతున్నా చేతులు కదల్చలేదు. తాగాక ఆ తాత, "నీ ఇంటామె గూడ గిట్లనే తాపుతది కొడుకా" అన్నాడు.

హోటల్ చేరేసరికి బిందెలు సగమయ్యాయి. నాయిన కావడి దించి బెంచీ మీద కూలబడ్డాడు. అమ్మ వచ్చి రెండు బిందెల్లోకీ తొంగి చూసింది. ఇన్నేళ్ళు పడ్డ మాటలన్నీ అప్పగించడానికి అంతకంటే మంచి అదను దొరకదు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"బిందెలు గట్టిగనే పట్టుకున్నవా?"

నాయిన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నవ్వాడు. అది మామూలు నవ్వు కాదని, ఆయన తువ్వాల మొహం మీంచి ఎంతసేపటికీ తీయకపోవడం వల్ల నాకు అర్థమైంది. తర్వాత లేచి పొయ్యి వెనకాలి రంజన్ ను ఎత్తుకుపోయి రోడ్డు వైపు పెట్టాడు, ముందు ఉన్న చోటు కంటే ఇంకా ముందుకు.

అమ్మ ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని ఆ సాయంత్రం నేను అడిగాను. "చెప్తే ఇయ్యకు అంటడు బిడ్డా. అన్నంక ఇస్తే ఆయన మాట కాదన్నట్టయితది. ఇయ్యకపోతే దోసిలి పట్టినోళ్ళను కాదన్నట్టయితది. నాకు గా రెండూ వద్దు" అంది. మరి అందరికీ ఇస్తే నాయిన బొంబాయి పోతాడు కదా అని ఏడ్చాను. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని నెమ్మదిగా చెప్పింది. "పోతే పోతడు, మల్ల వస్తడు. దూపకొచ్చి ఉత్తగ పోయినోడు మల్ల మన తానికి రాడు."

మా ఊళ్ళో దాహాన్ని దూప అంటాం. దాహం అని రాస్తే నాకు ఇప్పటికీ గొంతు ఎండినట్టు అనిపించదు.

ఇట్లాంటి కథల్లో ఆ తర్వాత వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలు అయిందని రాస్తారు. మాకు అట్లా కాలేదు. నీళ్ళు చాలక మధ్యాహ్నం చాయ్ ఆపేశాం. ఆ ఏడూ వాన మొహం చాటేసింది. నాయిన బొంబాయి పోనే పోయాడు. పోయే రోజు తెల్లవారుజామునే ఒక్కడే బాయికి పోయి వచ్చి, రంజన్ నింపి, ఒక గ్లాసు తాను తాగి, నాకు ఒక గ్లాసు తాపి బస్సెక్కాడు. ఆయన వచ్చేదాకా అమ్మ హోటల్ తీసే ఉంచింది. కొన్ని రోజులు పొయ్యి వెలిగేది కాదు, రంజన్ మాత్రం రోడ్డు వైపు చూస్తూ ఉండేది. వానలు వచ్చాక నాయినా వచ్చాడు. బస్సు దిగి, మూట కింద పెట్టకుండానే మొదట రంజన్ దగ్గరికి పోయాడు. నేను ఆయన మొహం మరిచిపోలేదు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. రోడ్డు నాలుగు వరసలైంది, ఇంకా వెడల్పు చేస్తారంటున్నారు. మా హోటల్ ఉన్న జాగా తారు కింద ఎక్కడుందో నేను కూడా గుర్తుపట్టలేను. తెలంగాణ వచ్చాక మా ఊళ్ళో ఇంటింటికీ నల్లా వచ్చింది. మా ఊరి పిల్లలు నవ్వితే తెల్లటి పళ్ళు కనిపిస్తాయి, అది చూసి నా కడుపు నిండుతుంది. ఆ దూప రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. కానీ మొన్న ఎండాకాలం కూతురితో కారులో విజయవాడ పోతూ, దారిలో అద్దాల మేడలాంటి ఒక హోటల్ దగ్గర దిగి నీళ్ళడిగితే, అక్కడి పిల్లవాడు ఎంతో మర్యాదగా ఏ బాటిల్ కావాలి అమ్మా, చల్లదా మామూలుదా అని అడిగాడు. వాడి తప్పేమీ లేదు. నాకే ఆ ముసలి పద్మశాలి గుర్తొచ్చి, కొన్న బాటిల్ మూత తీయకుండానే కారెక్కాను. ఒక్కసారి, ఒక్కటే ఒక్కసారి, కొంగుతో మెడ తుడుచుకుంటూ మా అమ్మ ఆ చేను మలుపులోంచి నడిచి వస్తే బాగుండుననిపించింది.

నల్లగొండలో మా ఇంటి గేటు బయట ఎండాకాలమంతా ఒక రంజన్ ఉంటుంది. పొద్దున నల్లా వచ్చినప్పుడు స్టీలు బిందె అంచుదాకా నిండుతుంది. దాన్ని అట్లాగే ఇంట్లోకి తీసుకుపోవడం నా వల్ల కాదు. సగం రంజన్ లో వంపి వచ్చాకే నాకు నిమ్మళం. మనవరాలు నన్ను చూసి నవ్వుతుంది, నల్లాకు ఇంకో బిందె పట్టొచ్చు కదా అమ్మమ్మా అని. పట్టొచ్చు. కానీ నిండు బిందె చూస్తే నాకు ఇప్పటికీ, దారిలో ఎవరికో ఇవ్వకుండా వచ్చినట్టే ఉంటుంది.