అంచు కొరికిన రాగి నాణెం

మా తోడల్లుడు ఉయ్యూరులో చెరకు రైతు. నాణెమంటే ఆయనకు చిల్లర, అంతే. టంకశాలలో తప్పు పడిన పాత నాణేల కోసం ఏళ్ల తరబడి తిరుగుతున్నవాణ్ణి నేను. వన్‌టౌన్‌లో ఇత్తడి సామాను కొట్లో పెరిగిన గడుసుతనమంతా చూపించి, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక దుకాణంలో గంటలకొద్దీ బేరమాడి, గెలిచానని మురిసిపోతూ మూడుసార్లూ దెబ్బతిన్న సరుకే తెచ్చుకున్నాను. ఒకటి సుత్తితో కొట్టింది, ఒకటి రైలు పట్టా మీద నలిగింది, మూడోది ఎవరో ఆకురాయితో అరగదీసింది. టంకశాల తప్పుకీ, తర్వాత తగిలిన దెబ్బకీ తేడా అలా తెలిసింది.

నిరుడు తాడేపల్లిలో పెళ్లికని ఆయన ముందు మా ఇంటికొచ్చి, జేబులోంచి రాజుబొమ్మ రాగి నాణెం తీశాడు. వాళ్ల నాయనమ్మ ఆకువక్కల పెట్టెలో దొరికిందట. అంచున ఒకచోట నెలవంకంత ముక్క లేదు.

“ఎలక కొరికినట్టు లేదూ, అన్నయ్యగారూ?”

భూతద్దం పెట్టి ముందు ఆ కొరుకుడుకు ఎదురుగా ఉన్న అంచు చూశాను. తర్వాతెవరో కోసి ఉంటే అక్కడ నాణెం చుట్టూ లేచి ఉండే గట్టు నిక్షేపంగా ఉండాలి. అచ్చు వెయ్యకముందు రాగి బిళ్ళ కత్తిరించేటప్పుడే తప్పు పడితే, గట్టు లేపే యంత్రంలో ఎదురు వైపుకి ఒత్తిడి అందదు. ఇక్కడ గట్టు పల్చబడి మాయమైంది. కొరుకుడు పక్కన అక్షరాలు కూడా అటే సాగాయి. అసలుసిసలు టంకశాల తప్పు.

అత్తగారింట్లో మొదటి కాఫీ ఆయనకే, పులుసులో చేప తలకాయ ఆయన విస్తట్లోకే. ఇప్పుడిది కూడానా?

మా కొట్టు పద్ధతి ఒకటుంది: కావాలనుకున్న వస్తువుని ముందు తీసిపారెయ్యాలి. అవతలివాడు పొగడాలి, అక్కడ బేరం మొదలు. పెదవి విరిచాను.

“దెబ్బసరుకు, తమ్ముడూ. ఎవరో ఆకురాయి పట్టారు. ఎందుకూ పనికిరాదు.”

ఆయన మళ్లీ చూడమనాలి, నేను పోనీ పడుండనిమ్మనాలి. ఆయనేమో “అంతేనా అండీ” అని జేబులో వేసుకున్నాడు. తొందరపడితే బేరం చెడుతుందని, పెళ్లి అయ్యాక అడగొచ్చులే అనుకున్నాను.

పెళ్లికి వెళ్తుంటే బ్యారేజీ మీద మా ఆటో ఆగింది, ముందంతా బళ్లు. గేట్ల కింద నీళ్లు బాగా ఉన్నాయి. ఆయన దిగి, ఆ నాణెం కళ్లకద్దుకుని కృష్ణలోకి విసిరాడు.

వచ్చి పక్కన కూర్చుంటూ అన్నాడు: “మంచిదైతే మీకే ఇద్దామని తెచ్చానండీ. పనికిరాంది మీ చేతిలో ఎలా పెడతాను?”

పెళ్లి భోజనాల దగ్గర నేను నాణేలు ఎంత బాగా చూస్తానో పక్కవాళ్లకు చెబుతూ, రెండోసారి పాయసం వేయించుకున్నాడు. ఏం పోయిందో ఆయనకు తెలియనే తెలియదు. ఆ తెలియకపోవడం చూసి కూడా కుళ్లుకున్నాను.