గట్టిగా చదవమన్న పోస్టు

ఒక నాయకుడు ప్రత్యర్థి పార్టీ మహిళ గురించి ఫేస్‌బుక్‌లో రాసిన పోస్టు కింద, "ఈ మాటలు మీకు తగవు" అని నిన్న రాశాను. ఈ సాయంత్రం ఆయన అనుచరుడు, ఎమ్మిగనూరులో మా వీధి అన్నే, ఇంటికి వచ్చాడు.

"మామా, పాప రాసింది తీసేయమను. లేకుంటే బాగుండదు."

నాన్న మగ్గం ఆపారు.

"ఆయప్ప ఏం రాసినాడో ముందు సదువు పాపా, గట్టిగా" అన్నారు.

బడిలోలాగే లేచి నిలబడి చదివాను. రెండో వాక్యంలోనే అతను మా అమ్మ వైపు చూసి తల దించుకున్నాడు.

"సాలమ్మా. ఇంట్లో ఆడోళ్లుండారు."

"ఊర్లో లేరాప్పా?" అన్నారు నాన్న.

రేపు మళ్లీ వస్తానని వెళ్లాడు. తలుపుకు తొందరగానే గడియ పెట్టాం. నా వాక్యం ఇంకా అక్కడే ఉంది. మీరైతే తీసేసేవారా?