గుండుతో సాగర్ ఒడ్డున

తప్పు నాదే. ముందే ఒప్పుకుంటే విడతలు విడతలుగా ఒప్పుకునే బాధ తప్పుతుంది.

ముప్పావు గంట స్కూటర్ తోలితే నిజాంసాగర్ నీళ్లు కాళ్లకు తగిలే ఎల్లారెడ్డిలో యాభై రెండేళ్లు బతికి, నీళ్ల ఒడ్డున కూర్చుంటే ఎట్లుంటుందో చూద్దామని మద్రాసు దాకా రైలెక్కి పోయిన మనిషిని నేను. దారిలో తిరుపతి తగిలింది. పాత మొక్కు ఉంది కాబట్టి జుట్టు ఇచ్చాను. చేయి తిరిగిన మంగలి మీసం కూడా తీసేశాడు. మద్రాసులో అల వచ్చి ఎడమ కాలి చెప్పు పట్టుకుపోయింది. దేవుడికి నేనుగా ఇచ్చాను, సముద్రం అడగకుండా తీసుకుంది. యాత్ర అయిందనిపించాం.

నా భార్య మాత్రం ఆ ఇసుకలో గంటసేపు కదలకుండా కూర్చుంది. పదేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టిన మనిషి. ఒళ్లో చాట లేకుండా ఆమె అంతసేపు కూర్చోవడం పెళ్లయ్యాక నేను చూడలేదు. లేచేటప్పుడు అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇయ్యాల గీ చేతులకు సెలవు దొరికింది," అన్నది.

తిరుగు రైల్లో మళ్లీ తనే అన్నది. "మనకాడ సాగర్ లేదా? గది గూడ నీళ్లే గదా. ఎండాకాలమంత ఐతారం ఐతారం పోదాం. బీడీలు బంద్ వెడ్త ఆ పూట."

మాటిచ్చాను. నాది పెన్నులు, నోటుబుక్కుల దుకాణం. బడులకు సెలవులిస్తే నాకూ ఇచ్చినట్టే.

మొదటి ఆదివారం ఏర్పాట్లన్నీ నేనే చూశాను. ఆ సంగతి గుర్తుంచుకోండి. ఎండకు బాగుంటుందని తెల్ల లుంగీ కట్టాను, భుజాన తెల్ల తువ్వాల వేశాను. ఆమెకు గిన్నెలు కడిగే పని ఉండొద్దని విస్తరాకులు తెచ్చాను. వేడికి చలవ అని పెరుగన్నం కలిపించాను. ఇంత తెలివి ఒక్కరోజే వాడేశాను. మిగిలిన ఎండాకాలానికి ఏమీ మిగల్లేదు.

ఎండాకాలం పొలాలకు నీళ్లొదిలాక సాగర్ రోజుకింత వెనక్కి జరుగుతుంది. అది విడిచిపెట్టిన నేలను మా వైపు శిఖం అంటారు. దాంట్లో పుచ్చ, దోస తీగలు పెడతారు. తీగలు దాటితే గరుకు ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. అవతలి ఒడ్డు కనబడదు. సముద్రానికి ఇంతకన్నా ఏం కావాలి? అక్కడంతా ఉప్పు, ఇక్కడంతా ఒప్పు. దప్పికైతే దోసిలి పట్టొచ్చు. పుచ్చకాయ కొట్టుకుపోకుండా చుట్టూ ఇసుక కట్ట కట్టి, చల్లబడడానికి నీళ్లలో ఉంచాం. నీళ్లు పైన గోరువెచ్చగా, కింద చల్లగా ఉన్నాయి. బొటనవేలంత చేపపిల్లలు వచ్చి పాదాలు గిల్లుతుంటే నా భార్య చిన్నపిల్లలాగా "ఓయమ్మ ఓయమ్మ" అని నవ్వింది. ఆ నవ్వు వినడానికి నేను మద్రాసు దాకా పోయాను, చెప్పాను కదా, తప్పు నాదే.

విస్తరి పరిచి పెరుగన్నం పెట్టుకుంటుంటే కాకి వచ్చింది. నా మనసు ఆ పూట విశాలంగా ఉంది. "రా, తిను," అని ఒక ముద్ద దానివైపు జరిపాను.

అప్పుడే కట్టమీద ఒక బండి ఆగింది. మహమ్మద్‌నగర్ దిక్కు రైతు, పిల్లలకు నా దగ్గరే నోటుబుక్కులు కొంటాడు. నన్ను గుర్తుపట్టి దిగి వచ్చాడు. తలకు చుట్టిన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఎవరు పోయిండ్రు సేటూ?"

"ఎవరు పోలే. మేమే వచ్చినం," అన్నది నా భార్య, పుచ్చకాయ కోస్తూ.

అతను ఆమెను చూశాడు, నా గుండును చూశాడు, కాకిని చూశాడు. కళ్లు తుడుచుకున్నాడు. "గంతే చెల్లె. గట్లనే అనుకోవాలె. గుండె నిబ్బరం జేసుకోవాలె," అని వెళ్లిపోయాడు.

మా వైపు పని లేకుండా ఎవరూ నీళ్ల ఒడ్డుకు పోరు. బర్లను కడగడానికి పోతారు, చేపలకు పోతారు. అన్నం మూటకట్టుకుని ఇంటిల్లిపాదీ పోయి కూర్చునేది ఒక్కందుకే. ఇంట్లో ఒకరు పోతే, వాళ్ల పేరున పిట్టకు పెట్టడానికి. గుండు, లేని మీసం, తెల్ల లుంగీ, విస్తరాకు, పెరుగన్నం, కాకి. చనిపోయిన మనిషి ఒక్కడు తప్ప అన్నీ నేనే సమకూర్చాను. ఆ ఒక్క లోటు ఆ రైతు తీర్చాడు. మా అవ్వా బాపూ ఎప్పుడో పోయారని అతనికి తెలుసు. ఇక మిగిలింది కామారెడ్డిలో బియ్యం దుకాణం నడిపే మా అన్న.

మేము ఇంటికి చేరకముందే అన్న ఇంటికి చుట్టాలు చేరారు. బనీను మీద మామిడిపండు తింటూ తలుపు తీసింది అన్నే. తెచ్చిన దండ ఎవరి మెడలో వేయాలో తెలియక దర్వాజకు కట్టి పోయారట.

ఫోను నా చెవికి దూరంగా పట్టుకున్నా గదంతా వినబడింది.

"నేను బతికుండంగనే నాకు పిట్టకు వెడ్తవారా?"

"కాదన్నా, అది పెరుగన్నం..."

"నోర్ముయ్. ముట్టిందా?"

"ఏందన్నా?"

"కాకి! ముట్టిందా లేదా?"

"ముట్టుడేంది, మొత్తం తిన్నది."

 అవతలి నుంచి తీర్పు వచ్చింది. "ఇగ ఆ ఒడ్డుమీద మనింటోళ్లు కాలు వెట్టొద్దు. వెడితే నా గడప తొక్కొద్దు."

బాపు పోయాక నన్ను పెంచింది అన్న. ఆయన మాటకు నేను ఎదురు చెప్పిన రోజు లేదు. "సరే" అన్నాను. ఎండాకాలమంతా అని భార్యకిచ్చిన మాట ఒక్క ఆదివారానికే ముగిసింది. గుండు చేయించుకున్నది తల మీదే అనుకున్నాను, లోపల కూడా నున్నగానే ఉందని అప్పుడు తెలిసింది.

తర్వాతి ఆదివారం ఆమె పొద్దున్నే బీడీలకు కూర్చుంది. చాట ఒళ్లోకి లాక్కుంది. పొద్దంతా ఇంట్లో తునికాకు కోసే కత్తెర చప్పుడు. ఆ పై ఆదివారమూ అంతే. మధ్యాహ్నం కత్తెర ఆగింది.

"మీ అన్న గడప ఏడాదికి రెండుసార్లు తొక్కుతం," అన్నది తల ఎత్తకుండానే. "పండుగకు ఒకసారి, ఫంక్షన్‌కు ఒకసారి. ఐతారాలు ఎన్నొస్తయో నువ్వే చెప్పు."

నేను లేచి స్కూటర్ తాళం తీశాను. ఆమె పెళ్లినాటి ఎర్రచీర కట్టుకుని బయటికొచ్చింది. "ఎవ్వరన్న సావు అంటే నేను చెప్త," అన్నది.

సాగర్ మాకోసం ఆగలేదు. మొదటిసారి కూర్చున్న చోట ఇప్పుడు ఎండిన నేల, దోస తీగ పాకుతోంది. నీళ్లు రెండొందల అడుగులు అవతలికి జరిగాయి. అన్న వద్దన్నది "ఆ ఒడ్డు". ఆ ఒడ్డు ఇప్పుడు లేదు. మేము కూర్చున్నది కొత్తది, దాని మీద ఏ తీర్పూ లేదు. వచ్చే వారానికి ఇంకో కొత్తది వస్తుంది. మా అన్న నోటికన్నా మా సాగర్ కాళ్లు చురుకు. ఆరోజు నుంచి ప్రతి ఆదివారం పోయాం. అడిగినవాళ్లందరికీ ఆమె ఒకటే చెప్పింది: "సుఖానికి వచ్చినం." బర్లు కాసే ఒకామె అయితే ఆ మాటకు నోరు తెరిచి, కాసేపటికి తనూ వచ్చి మా పక్కన కాళ్లు చాపింది.

కబురు కామారెడ్డికి చేరింది. తొలకరికి ముందు ఆదివారం అన్నే కారు వేసుకుని వచ్చాడు. కట్టమీద నిలబడి చేతులూపుతూ అరిచాడు.

"ఇగ రా ఇటు!"

"వినొస్తలేదన్నా! గాలి!"

గాలి అంతగా లేదు. పాపం, దిగి రావలసి వచ్చింది. పైన ఎండినట్టు కనిపించే ఒండ్రు అడుగున బురదే అని కామారెడ్డి చెప్పులకు తెలియదు. మా దగ్గరికి వచ్చేసరికి ఆయన పిక్కల దాకా నల్లగా ఉన్నాడు, తిట్టాల్సిన తిట్లు ఆయాసంలో కలిసిపోయాయి.

"కాళ్లు కడుక్కోండ్రి బావా," అన్నది నా భార్య.

ఆ కాళ్లతో కారెక్కలేడు. చాప అంచున కూర్చుని, ప్యాంటు మడిచి, కాళ్లు నీళ్లలో పెట్టాడు. బురద పోయింది. కాళ్లు మాత్రం బయటికి రాలేదు. చేపపిల్లలు వచ్చినట్టున్నాయి, ఒకసారి ఉలిక్కిపడి, ఎవరూ చూడలేదనుకుని, మళ్లీ పెట్టాడు. నా భార్య పుచ్చకాయ ముక్క చేతికిచ్చింది. తిన్నాడు. రెండోది అడిగాడు.

"సల్లగున్నది," అన్నాడు, నీళ్లవైపు చూస్తూ. కాసేపటికి గొంతు తగ్గించి, "నేను గిట్ల కూసున్ననని ఎవ్వరికి చెప్పకు," అన్నాడు.

"నేనెవ్వరికి చెప్పనన్నా."

మాట మీద నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. కట్టమీద పోతున్న ఆ మహమ్మద్‌నగర్ రైతు కనబడితే చెయ్యెత్తి పిలిచాను, అంతే. "రా అన్నా! పుచ్చకాయ తిందువు!"

వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముక్క నోటిదాకా తీసుకుపోయి ఆగాడు.

"ఈయన..."

"మా అన్న."

అతను మెల్లగా ముందుకు వంగి, నీళ్లలో అన్న పాదాలు ఏ దిక్కుకు తిరిగి ఉన్నాయో చూశాడు. దయ్యానికైతే వెనక్కి ఉండాలి, ఇవి ముందుకే ఉన్నాయి; అయినా అతనికి నమ్మకం కుదరలేదు. ముక్క కింద పెట్టి, లుంగీకి చేతులు తుడుచుకుని, బండి దగ్గరికి పరుగులాంటి నడక నడిచాడు.

అరగంట కాకముందే అన్న జేబులో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది. ఆ తర్వాత ఆగడం మానేసింది. అన్న మీసానికి పుచ్చగింజ అంటుకుని ఉంది. కాళ్లు నీళ్లలోంచి తీయకుండానే నావైపు చూశాడు. నేను అవతలి ఒడ్డు వైపు చూశాను, కనబడదని తెలిసినా.

"ఎత్తుండ్రి బావా," అన్నది నా భార్య, ఇంకో ముక్క కోస్తూ. "బతికే ఉన్నరని చెప్పుండ్రి. ఏడ ఉన్నరో గూడ చెప్పుండ్రి."