మధ్యలో అయిదు బొమ్మలు

పొద్దున ఏడయ్యేసరికి ఆమె చేతిలో దువ్వెన ఉండేది. కూతురు బుడంకాయ మెలికలు తిరుగుతూ, "పీకకే అమ్మా" అని రెండు జడలకీ గోల పెట్టేది. జ్వరం ఆ పిల్లను మింగి రెండేళ్లయింది. ఇప్పుడు ఏడింటికి ఆమె చేతిలో మౌస్ ఉంటోంది.

భర్తది ఫోటో స్టూడియో. ఎనిమిదో తరగతితో చదువు ఆగిన ఆమెకు కంప్యూటర్ పని అతనే నేర్పాడు. "మొదటి బొమ్మ, చివరి బొమ్మ నువ్వు పెట్టు. ట్వీన్ నొక్కితే మధ్యవి అదే వేసుకుంటుంది," అనేవాడు. షాపుల కదిలే ప్రకటనలన్నీ ఇంట్లో కూర్చుని ఆమే చేసేది. ఆ పనితనమే మెడకు చుట్టుకుంది.

ఆడపడుచు కొడుక్కి ఏడాది నిండబోతోంది. విందులో తెర మీద వేయడానికి అత్తగారు ఓ ఆలోచన చేసింది.

"నా ఒళ్లో బుడంకాయ కూర్చున్న ఫోటో ఉందిగా. అది మెల్లగా మాయమై, వీడు రావాలి. పోయిన పిల్లే తిరిగొచ్చిందంటారు అందరూ."

"ఇంకెవరిచేతైనా చేయించండి అత్తయ్యా."

"ఇంట్లో నువ్వుండగా ఊరంతా తిరగాలా? అయినా, నీ చేతుల్లోనేగా పోయింది. బొమ్మలో తుడవడానికేం నొప్పి?"

భర్త కంచంలోంచి తలెత్తలేదు. "అమ్మను కష్టపెట్టకు," అన్నాడు.

ఆమె ఫోటోలోని కూతుర్ని జడల అంచు వెంట కత్తిరించింది. మొదటి బొమ్మలో పిల్ల నిండుగా ఉంది. చివరిదాంట్లో పిల్ల లేదు, బాబు ఉన్నాడు. మధ్యలో అయిదు అని కొట్టి ట్వీన్ నొక్కింది. ఆసుపత్రిలో మూడు రోజులు పట్టిన పని రెప్పపాటులో అయిపోయింది. నడిమి బొమ్మలో ఇద్దరూ సగం సగమే. పిల్ల నవ్వులోంచి బాబు చెవి కనిపిస్తోంది.

ఆడపడుచు వంగి చూసింది. "బుడంకాయ కాస్త తొందరగా పోతే బాగుంటుంది వదినా. మావాడు ఎక్కువసేపు కనబడతాడు."

ఆమె అయిదును రెండు చేసింది. ఈసారి పిల్ల చటుక్కున పోయింది. ఆడపడుచు చప్పట్లు కొట్టింది. అంతలో బొమ్మ మొదటికొచ్చి, బుడంకాయ మళ్ళీ నానమ్మ ఒళ్లో కూర్చుంది.

"ఇదేంటే, మళ్ళీ వచ్చింది?" అంది అత్తగారు.

"ఫరెవర్ అని ఉంది అత్తయ్యా. వన్స్ అని పెడితే ఒక్కసారే ఆడి ఆగిపోతుంది."

"అదేదో మార్చి చావు. శుభమా అని విందుకు పిలుస్తుంటే మాటిమాటికీ ఆ మొహమేనా? పోయింది పోయినట్టుండాలి."

ఇద్దరూ బాబుకి కొత్త చొక్కా తొడిగి చూడటానికి పక్కగదిలోకి వెళ్లారు. తెర మీద బుడంకాయ పోయింది, వచ్చింది. ఆమె ఫరెవర్ జోలికి పోలేదు. ఉన్నది ఉన్నట్టే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని మూత పెట్టింది.