డోరతీ గారి లింకు డాక్యుమెంటు

"మీరు ఇమ్మిగ్రేషన్ వాళ్ళా సార్?"

అమెరికాలో కాపెల్ అనే ఊళ్ళో, ఒక ఇండియన్ గ్రోసరీ కొట్లో, పెరుగు డబ్బా గుండెలకు హత్తుకుని, మాస్టర్స్ చదివే కుర్రాడొకడు చక్రపాణి గారిని సూటిగా అడిగిన ప్రశ్న ఇది. వాడి తప్పేమీ లేదు. బిల్లు కట్టే లైన్లో నిలబడ్డ మూడు నిమిషాల్లో ఆయన వాడి ఊరు, ఇంటిపేరు, తాత పేరు అడిగేశారు. ముత్తాత ఎక్కడి నుంచి వలస వచ్చాడు, ఏ సంవత్సరంలో, ఎందుకు అనే దాకా వచ్చేసరికి వాడికి చెమటలు పట్టాయి.

"కాదు బాబూ, రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్‌ని. రేపల్లె" అని ఆయన అభయమిచ్చారు. గవర్నమెంటు ఉద్యోగం అనగానే వాడు పెరుగు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

చక్రపాణి గారికి తాగుడు లేదు, పేకాట లేదు, షుగరు కూడా లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. మనిషి కనబడితే ముత్తాత దాకా తవ్వందే వదలరు. ముప్పై నాలుగేళ్ళు రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చుని, ఎకరం పొలం అమ్మేవాణ్ణి "ఇది నీకెలా వచ్చింది? నీకు అమ్మినవాడికి ఎలా వచ్చింది? వాడికి అమ్మినవాడికి?" అని అడిగీ అడిగీ నాలుక ఆ దారిలోనే అరిగిపోయింది. ఆ పాత కాగితాలను అక్కడ లింకు డాక్యుమెంట్లంటారు. ఒక్కటి తగ్గినా సంతకం పడదు. రిటైరై కూతురు భావన దగ్గరికి టెక్సాస్ వచ్చేశాక పొలాలు లేవు. మనుషులు ఉన్నారు. వాళ్ళ మీద పడ్డారు.

ఆయనకు డ్రైవింగ్ రాదు. భావన ఆఫీసుకి పోతుంది. రెండిళ్ళ అవతల ఉండే నేను ఇంటి నుంచి పని చేస్తాను కాబట్టి, నాకు పని లేదని కాలనీ అంతా నమ్మింది. అలా ఆయన సారథ్యం నాకు దక్కింది.

ఒకసారి స్కూల్ జోన్‌లో స్పీడుగా పోయానని పోలీసు ఆపాడు. నేను లైసెన్సు తీస్తుంటే పక్క సీట్లోంచి ఈయన మెడ చాచి, పోలీసు చొక్కా మీది పేరు చదివారు.

"కొవాల్‌స్కీ! పోలండా నాయనా? ఏ జిల్లా?"

"బాబాయ్ గారూ, దయచేసి ఊరుకోండి" అన్నాను.

ఊరుకుంటే ఆయన చక్రపాణి గారు ఎందుకవుతారు! పోలీసు కారు తలుపు మీద మోచెయ్యి ఆన్చి, బొగ్గు గనిలో పనికి వచ్చిన ముత్తాత గురించి పదిహేను నిమిషాలు చెప్పాడు. చివర్లో కళ్ళు చెమర్చాయి. ఈయన చెయ్యి పట్టుకుని ఊపాడు. టికెట్ మాత్రం నాకిచ్చాడు.

నిజం చెప్పాలంటే ఈ అలవాటు మొదట్లో నాకు ఒళ్ళు మంట. మనవాళ్ళు ఇంటిపేరు అడిగారంటే కులం అడగడానికి చేతులు కడుక్కుంటున్నారని అర్థం. ఇక మూలాలు, వేళ్ళు అంటూ గొంతు పూడుకుపోయేవాళ్ళను చూస్తే నాకు అసలే ఓపిక తక్కువ. వేళ్ళతో ఏం చేస్తారు, చెట్లా? ఈయన కూడా ఆ బాపతేనని ఒక లెక్క వేసేసుకున్నాను.

అలాంటి ఇంట్లో మనవడు నీరజ్, ఆలిసన్ అనే అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఆలిసన్‌కు తండ్రి ఎవరో తెలియదు, తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది అమ్మమ్మ డోరతీ. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. దగ్గర్లోనే ఫ్రిస్కో ఊళ్ళో ఉంటుంది, తన గడ్డి తనే కోసుకుంటుంది. మొదటిసారి రెండు కుటుంబాలూ కలుసుకున్న రోజు, కారు నడిపిన పుణ్యానికి నేనూ ఉన్నాను. కాఫీ కప్పు ఇంకా టేబుల్ మీద పెట్టకముందే చక్రపాణి గారు మొదలుపెట్టారు.

"డోరతీ గారూ, మీ అమ్మగారి పేరు?"

డోరతీ వంగి టేబుల్ కింద చేతిసంచీ వెతుక్కోవడం మొదలుపెట్టింది. సంచీ ఆమె ఒళ్ళోనే ఉంది. అలా చాలాసేపు వెతికింది. ఆలిసనే మెల్లగా చెప్పింది: మూడేళ్ళప్పుడు అమ్మ చనిపోతే డోరతీని గాల్వెస్టన్ రేవు పట్నంలో అనాథ పిల్లల హోంలో చేర్చారట. "స్కాట్లాండు నుంచి వచ్చినావిడ కూతురు" అన్న మాట తప్ప ఆ హోం వాళ్ళు ఏమీ చెప్పలేదట. అమ్మ పేరు కూడా.

తిరిగొచ్చేటప్పుడు గ్యాస్ స్టేషన్‌లో ఆగితే చక్రపాణి గారు పక్క కారువాడి ఊరైనా అడగలేదు. జ్వరమేమో అనుకున్నాను.

అసలు తంటా పంతులుగారితో వచ్చింది. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు అటు మూడు తరాలు, ఇటు మూడు తరాల పేర్లు చదవాలి కదా. పిల్ల వైపు ఏం చదవాలని ఆయన ఫోన్ చేశారు.

"గోత్రం లేనివాళ్ళకి కశ్యప గోత్రం చెప్పేస్తామండీ. పేర్లు కూడా ఏదో ఫలానా, ఫలానా అని లాగించేస్తాను. డాలస్‌లో వారానికి రెండు చేస్తున్నా ఇలాంటివి" అన్నారు పంతులుగారు.

"గోత్రం మీ ఇష్టం. ఫలానా మాత్రం కుదరదు" అన్నారు చక్రపాణి గారు. "ఫలానా వారి కుమార్తె ఫలానా అని రాసుకొస్తే నా టేబుల్ మీంచి కాగితం వాపసు వెళ్ళేది. పేర్లు నేను తెస్తాను."

పెళ్ళికి అయిదు నెలలుంది. ఆ రోజు నుంచి కాపెల్ లైబ్రరీలో ఒక కంప్యూటర్ ఆయన ఆస్తి అయిపోయింది. పాత రికార్డుల సైట్లు అక్కడ ఉచితం. డోరతీ దగ్గరున్న ఏకైక ఆధారం హోం వాళ్ళిచ్చిన చీటీ: డోరతీ ఇ. సింక్లేర్, వయసు మూడు. ఇంకేం, సింక్లేర్ ఆమె తండ్రి ఇంటిపేరు అనుకుని, అమెరికాకు వచ్చిన సింక్లేర్ మగవాళ్ళందరి మీదా విచారణ మొదలైంది. నాలుగు నెలల్లో రెండు వందల పద్నాలుగు మంది తేలారు. బతికున్న వారసులకు ఉత్తరాలు కూడా వెళ్ళాయి. అన్నీ దస్తావేజు ఇంగ్లీషులో. ఒకావిడ జవాబుగా కేక్ చేసే పద్ధతి పంపింది. ఒకాయన లాయరు చేత నోటీసు ఇప్పించాడు: మా క్లయింటు ఆస్తిలో డోరతీ అను ఆమెకు ఎట్టి హక్కూ లేదు.

"ఇంగ్లీషు బాగా రాశాడు" అని ఈయన ఆ నోటీసు దాచుకున్నారు.

ఇంట్లో మాత్రం ఇది మరోలా అర్థమైంది. ఆలిసన్ నీరజ్‌ని అడిగిందట, "మీ తాతయ్యకి నేను నచ్చలేదా?" అని. నీరజ్ వచ్చి, "తాతా, షి ఈజ్ క్రయింగ్. నువ్వు ఎందుకు ఇలా చేస్తున్నావ్?" అన్నాడు. పెళ్ళి నాలుగు వారాల్లోకి వచ్చింది. ఓ ఆదివారం భావన పేలింది. నేను సాంబారు గిన్నె వాపసు ఇవ్వడానికి వెళ్ళి మధ్యలో ఇరుక్కున్నాను.

"నాన్నా, నిజం చెప్పు. ఈ సంబంధం నీకు ఇష్టం లేదు. అవునా?"

"పిచ్చిదానా, ఎవరన్నారు?"

"మరి ఆ కశ్యప గోత్రం చెప్పేస్తే చచ్చిపోతామా? అందరి పుట్టుపూర్వోత్తరాలూ నీకెందుకు? ఆవిడ ఎంత నొచ్చుకుందో చూశావా ఆ రోజు?"

"చూశాను" అన్నారాయన. "చూశాను కాబట్టే. ముప్పై నాలుగేళ్ళలో నా ప్రశ్నకి జవాబు లేక ఒక మనిషి అలా టేబుల్ కింద దూరడం ఎప్పుడూ చూళ్ళేదమ్మా. అడగకూడనిది అడిగేశాను. ఇప్పుడు క్షమించండి అంటే సరిపోతుందా? అడిగినవాడే జవాబు వెతికి తెచ్చిపెట్టాలి. రేపు మండపంలో మన వైపు పేర్లు గడగడా చదువుతారు. వాళ్ళ వైపు ఫలానా, ఫలానా అంటే, ఆవిడకి సంస్కృతం రాకపోయినా ఖాళీ తెలుస్తుంది."

నేను గిన్నె కింద పెట్టాను. నా పాత లెక్క అక్కడే కొట్టేసుకున్నాను. ఆ తర్వాత గుర్తొచ్చింది: ఈ నాలుగు నెలల్లో ఆయన లైబ్రరీ అమ్మాయిని గానీ, మంగలిని గానీ, ఎవరినీ వాళ్ళ అమ్మ పేరు మాత్రం అడగలేదు.

మర్నాడు ముగ్గురం డోరతీ ఇంటికి వెళ్ళాం. భావన స్వయంగా కారు తీసింది. ఈసారి చక్రపాణి గారు చాలా జాగ్రత్తగా అడిగారు.

"చీటీలో 'ఇ' అని ఉంది. అదేమిటో చెప్పడానికి అభ్యంతరమా?"

డోరతీ ముఖం ఎర్రబడింది. "యూఫీమియా. హోంలో పిల్లలు ఏడిపించేవాళ్ళు. అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు."

ఈయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"భావనా, నీ పాస్‌పోర్టులో పూర్తి పేరు ఏముంది?"

"ఇప్పుడెందుకు నాన్నా!"

"చెప్పు."

"బాలమణి భావన" అంది, నాకు వినబడకూడదన్నట్టు.

"చూశారా! కోరి ఎవరూ పసిపిల్లకి ఇలాంటి పేరు పెట్టరు. పెట్టి తీరాలి కాబట్టి పెడతారు. బాలమణి మా అమ్మ. యూఫీమియా కచ్చితంగా ఈవిడ అమ్మమ్మో నాయనమ్మో."

తిరుగు దారిలో నేను అడిగాను. "ఏ వైపు, బాబాయ్ గారూ? సింక్లేర్ అంటే నాన్న వైపే కదా?"

"నాన్నే ఉంటే పిల్ల హోంకి ఎందుకు పోతుందమ్మాయ్?" అని నుదురు కొట్టుకున్నారు. "పిల్లకి తల్లి పుట్టింటి పేరు ఉండదని మనూళ్ళో రూలు. అది స్కాట్లాండు మీద రుద్ది నాలుగు నెలలు మగవాళ్ళని వెతికాను. పక్క సర్వే నంబర్లో పొలం కొలిచాను!"

అటుపైన నాలుగే రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఓడ ఎక్కిన ప్రతివాళ్ళనూ అమెరికా వాళ్ళు అడిగేవారట: సొంత దేశంలో దగ్గరి బంధువు ఎవరు, ఎక్కడికి పోతున్నావు, టికెట్ డబ్బు ఎవరిచ్చారు. "ఎవడో నా లాంటివాడు కూర్చుని అడిగాడు" అని చక్రపాణి గారు ఆ గుమాస్తాను తెగ మెచ్చుకున్నారు. 1929 నాటి ఒక పేజీలో దొరికింది. ఇసబెల్లా సింక్లేర్, పందొమ్మిదేళ్ళు, ఇంటిపని. ఊరు స్కాట్లాండు ఉత్తరపు కొసన చేపల రేవు, విక్. వెళ్ళేది గాల్వెస్టన్. దగ్గరి బంధువు: తల్లి, యూఫీమియా. టికెట్ ఇచ్చింది: తల్లి. గాల్వెస్టన్ మరణాల రిజిస్టరులో అదే ఇసబెల్లా, 1940లో. పక్కన గుమాస్తా చేతిరాత: ఒక ఆడపిల్ల, మూడేళ్ళు.

కాగితం డోరతీ చేతిలో పెట్టినప్పుడు ఆమె ఏడుస్తుందని నేను రుమాలు సిద్ధం చేశాను. ఆమె ఏడవలేదు. ఆ పేరును నాలుగైదు రకాలుగా పలికి చూసుకుంది. కొత్త చెప్పులు తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడిచినట్టు.

"ఇసబెల్లా. బాగుంది చక్రా. నాదానికంటే బాగుంది."

ఇక పంతులుగారు. "అన్నీ ఆడవాళ్ళ పేర్లేనండీ! తల్లి, అమ్మమ్మ, ఆవిడ తల్లి. శాస్త్రం..." అని నసిగారు.

"పంతులుగారూ, మీకు కాపెల్‌లో ఇల్లుందిగా. ఎవరి పేర?"

"మా ఆవిడ పేర. ట్యాక్సుల కోసం."

"చెల్లుతుందా?"

"చెల్లక?"

"ఇల్లు ఆవిడ పేర చెల్లినప్పుడు మనిషి అమ్మ పేర ఎందుకు చెల్లదు? చదవండి."

చదివారు. ప్రవర మూడుసార్లు చెప్పాలి కనుక మూడుసార్లూ చదివారు. "ఇసబెల్లా నామ్న్యాః" అన్న చోట మొదటిసారి తడబడ్డారు, రెండోసారి దారికొచ్చారు, మూడోసారి రాగం తీశారు. ముందు వరసలో పట్టుచీర మీద స్వెటర్ వేసుకున్న డోరతీ, ప్రతిసారీ క్లాసులో హాజరు పిలిచినట్టు చెయ్యెత్తింది. ఆలిసన్ జీలకర్ర బెల్లం పట్టుకునే నవ్వు ఆపుకోలేకపోయింది.

పెళ్ళైన పది రోజులకు విక్ నుంచి జవాబు వచ్చింది. అక్కడి చర్చికి కూడా ఈయన రాసి పడేశారని మాకెవరికీ తెలియదు. ఊళ్ళో ఒకప్పటి కిరాణా కొట్టాయన మనవరాలు, తాత ఖాతా పుస్తకంలో ఒక పేజీ ఫోటో తీసి పంపింది. పైన "యూఫీమియా సింక్లేర్, కూతురి ఓడ టికెట్ నిమిత్తం అప్పు, పద్దెనిమిది పౌండ్లు" అని ఉంది. దాని కింద చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా జమలు: ఒక షిల్లింగు, రెండు షిల్లింగులు, ఒకచోట ఆరు పెన్నీలు. చేపలు కోసి తెచ్చిన కూలి డబ్బట. అలా తొమ్మిదేళ్ళు. 1938లో యూఫీమియా చనిపోయిందని ఆఖరి గీత.

డోరతీ భూతద్దంతో జమలన్నీ కూడింది. మిగిలిన బాకీ తీర్చేస్తానని చెక్కుబుక్కు తీసింది. చక్రపాణి గారు వద్దనలేదు, పైగా పెన్ను ఇచ్చారు. కానీ ఆ కొట్టు ఎప్పుడో మూతబడింది, మనవరాలు డబ్బు తీసుకోనంటోంది, అప్పు తీరితే ఉత్తరాలు ఆగిపోతాయట.

అందువల్ల అసలులో మూడు పౌండ్ల ఏడు షిల్లింగులు ఇప్పటికీ బాకీ ఉంది.