పెద్ద సిస్టర్‌కి గిట్టని మాట

పెద్ద సిస్టర్ ఒకసారి వార్డులో కేకేస్తే, కింద మార్చురీలో ఉన్న ఇద్దరు లేచి కూర్చుని, తమ వివరాలు సరిగ్గా చెప్పి మళ్లీ పడుకున్నారు. నమ్మకపోతే మీ ఖర్మ. ఆమె కోపమంతా ఒక్క మాట మీదే: ‘నిన్నటిలాగే’. రోగికి ఏం చేశారో, ఏం చెయ్యాలో రోజూ రాసే కేర్ ప్లాన్‌లో ఏ నర్సయినా ఆ మాట రాసిందో, వార్డుకి పూనకమే.

“నిన్నటిలాగేనా? నిన్న తిన్న అన్నానికి ఇవాళ చెయ్యి కడుక్కుంటావా?”

అలా అనడం అన్యాయమేమీ కాదు. పాత ప్లాను చూసి దించుతూ దించుతూ, ఇంటికెళ్లిపోయిన రోగికి కూడా పొద్దున వీపు తుడిచామని రాసిన ఘనులున్నారక్కడ.

“ఏ బస్సెక్కి వెళ్లి తుడిచొచ్చావమ్మా?”

ఒకనాడు కొత్త సిస్టర్ దొరికిపోయింది. పక్షవాతంతో మాటా, కుడిచెయ్యీ పడిపోయిన టైలరుగారు ఆమె వంతు. మింగడానికి ఇబ్బంది లేదని పరీక్షలో తేలినా, చెంచా తగిలితే చాలు ఉలిక్కిపడి పెదాలు బిగించేస్తాడు. సాయంత్రానికి తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తానన్నాడు డాక్టరు. ఆ పిల్ల విసిగిపోయి రాసేసింది: ‘రోగి సహకరించడం లేదు. నిన్నటిలాగే.’

“సహకరించడం లేదా!” పెద్ద సిస్టర్ కిటికీ అద్దాలు గలగలలాడించింది. “మాట పడిపోయిన మనిషి మీద చాడీలా? ఆయన తిరిగి నీ మీద రాయలేడనేగా నీ ధైర్యం! కూర్చో. ఆయన సంగతి తర్వాత, ముందు నువ్వేం చేశావో రాయి!”

కొత్త సిస్టర్ ముక్కు ఎగబీలుస్తూ రాసింది. ‘మంచానికి కుడిపక్క నిలబడి చెంచా నోటికి...’ పెన్ను ఆగిపోయింది.

“అయ్యో సిస్టర్! పక్షవాతంతో ఆయనకి కుడిపక్క చూపు కూడా పోయింది కదా! కనబడకుండానే మూతికి తగిలించేస్తున్నాను!”

“మరింకా ఇక్కడే కూర్చున్నావేం?”

ఆ పిల్ల పరుగెత్తింది. ఎడమపక్క కూర్చుని, చెంచా చూపించి, నెమ్మదిగా అందించింది. టైలరుగారు నోరు తెరిచాడు.

సాయంత్రం గొట్టంతో వచ్చిన డాక్టరుకి పెద్ద సిస్టర్ గుమ్మంలోనే అడ్డం పడింది. “మా పిల్ల కనిపెట్టి ప్లాన్‌లో రాసింది. అది చదివాకే ఆయన ముక్కు ముట్టుకోండి!”

ఇన్నాళ్లూ ఆమె అరుపులు తమ మీదనుకున్న కొత్త సిస్టర్‌కి అప్పుడు తెలిసింది, అరవలేని రోగుల వంతు కూడా ఆమే అరుస్తోందని.

టైలరుగారి భార్య చేతులు జోడించింది. “మీ ఒక్క కేకకి మా ఆయన గిన్నె కూడా నాకేశారట కదమ్మా!”

“గిన్నె నాకలేదు. సగం తిన్నారు. ఎడమపక్క నుంచి పెడితే.”