వెనక సీటు చూసి కొన్న బండి

పాత కారు కొనేవాళ్లు ముందు బానెట్ లేపించి ఇంజను చూస్తారు, తర్వాత రీడింగు చూస్తారు. మా ఇంటామె ఈ రెండూ చూసేది కాదు. వెనక తలుపు తీసి, చెప్పులు విడిచి, మోకాళ్లు ముడుచుకుని సీటు మీద పడుకునేది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండి లేచేది. అమ్మేవాళ్లు బిత్తరపోయి నా ముఖం చూసేవాళ్లు. "ఆమె గంతే, మీరు బండి సంగతి చెప్పుండ్రి" అనేవాణ్ని.

ఆమెకు కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఖమ్మం పోయి మిషను మీద రక్తం శుద్ధి చేయించుకోవాలి. మాది ఏన్కూరు దాటాక, జామాయిలు తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. పొద్దున పోయేటప్పుడు బస్సు దొరికేది. చిక్కంతా వచ్చేటప్పుడే. మిషను మీద నుంచి దిగిన మనిషికి తల నిలబడదు, కడుపులో తిప్పుతుంది, పిక్కలు గుంజుతాయి. ఆ స్థితిలో ఆమె బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడేది, లేకపోతే ఆటోలో పత్తి బస్తాల మధ్య ఇరుక్కుని కూర్చునేది. ఒకరోజు తల్లాడలో ఆటో ఎక్కిన ఒక కోయ ముసలమ్మ, ఇప్పపువ్వు గంప కాళ్ల దగ్గర పెట్టుకుని, ఏమీ అడగకుండా ఈమె తలను తన ఒడిలోకి లాక్కుంది. ఏన్కూరు దాకా తన భాషలో ఏదో గొణుగుతూ నుదురు నిమిరింది. ఇంటికొచ్చాక మా ఆమె ఏడ్చింది. "ఆమె ఎవరో, నేనెవరో. పోయినప్పుడల్లా ఆమె దొర్కుతదా? మనకో బండి ఉంటే మంచిగుండు" అంది.

పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అడిగిన పెద్ద వస్తువు అదొక్కటే. నాకేమో ట్రాక్టరు తోలడం తప్ప కారు సంగతి తెలియదు. అందుకని ఆమె తమ్ముణ్ని వెంటేసుకున్నాను. మా బామ్మర్దికి బండ్ల గురించి తెలిసిందంతా సెల్‌ఫోనులో చూసి తెలుసుకున్నదే. పొద్దస్తమానం ఫోటోలు చూపించేవాడు. తీరా పోయి చూస్తే ఫోటోలో బండికీ ఎదురుగా ఉన్న బండికీ, పెళ్లికొడుకు ఫోటోకూ పెళ్లికొడుక్కూ ఉన్నంత తేడా ఉండేది.

మా దిక్కు పాత బండి కొనేటప్పుడు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. పీనుగను మోసిందా అని. ఖమ్మంలోనో హైదరాబాదులోనో దవాఖానాలో మనిషి పోతే, ఒక్కోసారి సొంత బండిలోనే ఇంటికి తెచ్చుకుంటారు. ఆ తర్వాత పసుపు నీళ్లతో కడిగినా, కొబ్బరికాయ కొట్టినా ఆ బండిని ఎవరూ కొనరు. అందుకని ఎరిగినవాళ్లు లేని మండలానికి తీసుకుపోయి అమ్ముకుంటారు. అందరూ అడుగుతారు, అందరూ లేదంటారు. మామూలుగా ఈ మాట బేరమంతా అయ్యాక గొంతు తగ్గించి అడుగుతారు. మా ఆమె ధర కంటే ముందే, గట్టిగానే అడిగేది.

ఖమ్మంలో బైపాస్ పక్కన ఒక బ్రోకరు మాకు వరసపెట్టి బండ్లు చూపించాడు. ఏ బండి చూసినా "డాక్టరు గారి బండి సార్" అనేవాడు. అమ్మకానికొచ్చిన బండ్లన్నీ డాక్టర్లవే. ఊళ్లో ఇంతమంది డాక్టర్లుండగా నా పెళ్లానికి ఈ గతెందుకు పట్టిందో అని నాకు ఒళ్లు మండేది. వాటిలో ఒక బూడిద రంగు బండి సీటు మెత్తగా, వెడల్పుగా ఉంది. ఆమె పడుకుంది. బాగుందన్నట్టు తలూపింది కూడా. లేస్తూ సీటు సందులో వేళ్లు పెట్టి కొన్ని పేలాలు బయటికి తీసింది. వాటికి గులాలు అంటి ఉంది.

"పిల్లలు తింటరు గదమ్మా, మరమరాలు" అన్నాడు బ్రోకరు.

"గులాల్ల అద్దుకొని తింటరా అయ్యా మీ పిల్లలు?" అంది ఆమె.

చావు ఊరేగింపులో చల్లే పేలాలవి. బ్రోకరు బండి తలుపు మూసేశాడు. బయటికొచ్చాక నాకు కోపమొచ్చింది. అప్పటికి ఎన్ని బండ్లు చూశామో, ఎంత తిరిగామో! "పేలాలు నిన్నేం జేస్తయే? సీటు మంచిగనే ఉన్నది గదా" అన్నాను. ఆమె నా వైపు సూటిగా చూసింది.

"ఇంకొకరిని పండవెట్టిన పక్కమీద నన్ను పండవెడ్తవా? నేనింకా పోలే" అంది.

జూలూరుపాడు అవతల ఒక బడిపంతులు మాత్రం మేం అడగకముందే చెప్పేశాడు, వాళ్ల నాన్న పోతే దవాఖానా నుంచి ఆ బండిలోనే తెచ్చామని. ఆమె బండిని ముట్టుకోలేదు. ఆయన ఇచ్చిన నీళ్లు తాగి, క్షేమసమాచారాలు మాట్లాడి లేచింది. వచ్చేటప్పుడు దారంతా ఆయన గురించే. "నిజం చెప్పెటోడు, గాయన ఆ బండిని ఎట్ల అమ్ముకుంటడో" అని బాధపడింది.

చివరికి వేంసూరు దగ్గర దొరికింది. పామాయిలు తోట మధ్యలో ఇల్లు, పక్కన రేకుల షెడ్డు, అందులో తెల్ల డిక్కీ బండి. ఆ రైతు వాళ్ల పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారట. ఆమె అడిగిన మాటకూ, పడుకుని చూస్తానన్నదానికీ ఆయన నొచ్చుకోలేదు. "లేదమ్మా. మా అమ్మ కూడా ఇంట్లో మంచం మీదే పోయింది. ఈ బండి గుళ్లకీ పెళ్లిళ్లకీ తప్ప ఎక్కడికీ పోలేదు. మీరు పడుకుని చూడండి, ఏం పర్లేదు" అన్నాడు.

ఆమె పడుకుంది. మేం ముగ్గురం షెడ్డు బయట నిలబడ్డాం. ఎంతకూ లేవకపోతే నేను వంగి చూశాను. నిద్రపోయింది. ఉత్తగా కళ్లు మూసుకోవడం కాదు, నోరు కాస్త తెరుచుకుని, చేయి కిందికి వేలాడేసి, నిజంగానే నిద్ర. ఆ జబ్బు వచ్చాక ఆమె పగలు అట్లా నిద్రపోగా నేను చూడలేదు. ఆ రైతు గొంతు తగ్గించి గెలల రేటు గురించి చెప్పాడు, నేను మా మిర్చికి పట్టిన తెగులు గురించి చెప్పాను. ధర సంగతి వచ్చేసరికి ఆయన అడిగినదానికి సరేనన్నాను.

"బేరం చెయ్యవేంది బావా?" అని బామ్మర్ది నా చేయి గిల్లాడు.

"లేస్తది రా" అన్నాను.

వచ్చేటప్పుడు పెనుబల్లిలో మా బిడ్డ అత్తగారింటి ముందు ఆపాం. మాకు అదొక్కతే. అది హారతిచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. నేను ట్రాక్టరును దుక్కిలోకి దింపినట్టు గేరేసి బండిని ఎగిరించాను. వెనక నుంచి మా ఆమె, "మెల్లగయ్యా, నాగలి కట్టలే దీనికి" అంది. అందరం నవ్వాం. ఆ రోజు ఆమె ముఖంలో జబ్బు కనబడలేదు.

అప్పటి నుంచి ఖమ్మం రాకపోకలన్నీ అందులోనే. దిండు, నీలం దుప్పటి సీటు మీదే ఉండేవి. వచ్చేటప్పుడు ఆమె పడుకునేది, నేను ముందున్న అద్దాన్ని కిందికి వంచుకుని ఆమె ముఖం చూసుకుంటూ తోలేవాణ్ని. పెదవి కొరుకుతుందంటే పిక్క పట్టిందని గుర్తు, ఆపి కాలు ఒత్తేవాణ్ని. ఒకసారి పక్కన కూర్చున్న బామ్మర్ది భయపడ్డాడు. "బావా, అద్దంల ఎనక బండ్లు కనవడాలె, మా అక్క గాదు" అన్నాడు. ఎనక బండ్లతోటి నాకేం పని అన్నాను.

ఖమ్మం నుంచి తల్లాడ దాకా రోడ్డు బాగుంటుంది. మా రోడ్డులోకి తిరిగాకే గుంతలు. ఆ గుంతలకు ఆమె చుట్టాల పేర్లు పెట్టింది. అన్నిటికంటే పెద్దది మా అక్క. ఆమె లెక్కలో "ఆడబిడ్డ గుంత". ఎంత జాగ్రత్తగా పోయినా ఒక దెబ్బ వేయకుండా వదలదని చెప్పేది. దాని దగ్గరికి రాగానే నేను బండిని నడిచినంత మెల్లగా పోనిచ్చేవాణ్ని. కళ్లు తెరవకుండానే, "దాటినమా మీ అక్కను?" అని అడిగేది.

మిర్చి లారీలు ఖమ్మం వరస కట్టే రోజుల్లో ఒకసారి, ఘాటుకు దగ్గొచ్చి వైరాలో చాయ్ దగ్గర ఆగాం. ఆమె తలుపు తీసుకుని సీటు అంచున కూర్చుంది. అప్పటికి బాగా చిక్కిపోయింది. ఉన్నట్టుండి, "నేను పోయినంక ఈ బండి ఉంచుకోకు" అంది.

"నోరు మూసుకొని చాయ్ తాగు."

"జర ఇను. నువ్వు ఒక్కనివే తోల్తవు. అద్దంల ఈ సీటు జూసుకుంటనే తోల్తవు, నాకు తెల్వదా? ఏ బొగ్గు లారీ కిందనో పోతవు. బిడ్డకు నువ్వన్న ఉండాలె. అమ్మెయ్యి."

"అట్లనే. ఇప్పుడే అమ్మేస్త, నడిచిరా ఇంటికి" అన్నాను. ఆమె నవ్వింది. నవ్వు ఆగాక అసలు మాట చెప్పింది.

"అమ్ముడు పోవాలంటే ఇది మంచిగుండాలె. దవాఖానల నాకేమన్న అయితే నన్ను దీంట్ల ఎయ్యకు. కిరాయి బండి మాట్లాడు. నన్ను మోసినంక ఎవరు కొంటరు? అబద్ధం చెప్పి అమ్ముకుందామంటే నీకు చాతగాదు. నీ మొఖంలనే తెలుస్తది."

నేను చాయ్ పారబోసి బండెక్కాను. ఒట్టు వేయమని ఆమె అడగలేదు, నేను వేయలేదు. ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, మిషను మీద ఉండగానే ఆమెకు బీపీ పడిపోయింది. నన్ను బయటికి పంపారు. తర్వాత డాక్టరు తనే వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. ఇంక చెప్పాల్సిన పని లేకపోయింది. అప్పటిదాకా నేను ఆమెకిష్టమని కొన్న బత్తాయిలు చేతిలో పట్టుకునే ఉన్నాను.

కబురందిన బామ్మర్ది ఏడుస్తూ వచ్చాడు. "బండి తియ్యి బావా. అక్కను మన బండిలనే తీస్కపోదాం. ఆమె సీటు ఆమెకు అలవాటే" అన్నాడు.

"వద్దు. కిరాయి బండి మాట్లాడు" అన్నాను.

అతను కళ్లు తుడుచుకుని నా మీదికొచ్చాడు. "ఏంది బావా? పోయినంక మా అక్క నీ బండికి అంటయిందా?" అని అరిచాడు. ఆవరణలో ఉన్నవాళ్లంతా చూశారు. ఆమెనే వద్దన్నది అని చెప్పాను. అతను నమ్మలేదు. ఏ మొగుడైనా అట్లాగే చెబుతాడు మరి.

ఆమెను అంబులెన్సులో పడుకోబెట్టారు. బామ్మర్ది అందులో కూర్చున్నాడు. నేను నా బండిలో వెనకాలే బయలుదేరాను. ముందు ఆమె పోతోంది, అద్దంలో దిండు, నీలం దుప్పటి కనబడుతున్నాయి. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఎన్ని ఊళ్లు తిరిగి, ఆమె ఒళ్లు ఆనడానికని కొన్న సీటు అది. ఆఖరి ప్రయాణానికి అదే పనికిరాకుండా చేసి పోయింది. వైరా దాటేదాకా ఆమెను తిడుతూనే తోలాను, ఏడుస్తూనే తోలాను.

తల్లాడలో మా రోడ్డులోకి తిరిగాం. అంబులెన్సు డ్రైవరుకు ఆ రోడ్డు కొత్త. ఆడబిడ్డ గుంత దగ్గర పడుతోంది, అతను వేగం తగ్గించడం లేదు. నేను హారన్ మీద చేయి పెట్టి తీయలేదు. అయినా బండి గుంతలో పడి లేచింది. అతను కంగారుగా పక్కకు ఆపి దిగొచ్చాడు.

"ఏమైందన్నా?"

"మెల్లగ తోలు తమ్మీ. కుదుపులు ఆమెకు పడవు" అన్నాను.

"సరే అన్నా" అని తలొంచుకుని పోయాడు. అక్కణ్నుంచి మా ఊరి దాకా అంబులెన్సు నడిచినంత మెల్లగా పోయింది.

దినాలయ్యాక బండి మీద టార్పాలిన్ పట్టా కప్పాను. అమ్మబుద్ధి కాలేదు. వానలు పడ్డాక విత్తనాల కోసం ఒకసారి ఏన్కూరుకు తీశాను. మలుపులో పెద్ద హారన్ వినబడి తలెత్తితే నేను రోడ్డుకు అటుపక్కన ఉన్నాను, ఎదురుగా లారీ ఉంది. ఎట్లాగో తప్పించాను. అప్పటిదాకా దేన్ని చూస్తూ తోలానో చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చి, బండి అమ్ముతానని బిడ్డకు ఫోన్ చేశాను.

కొనడానికొచ్చినతను నాకంటే చిన్నవాడు. అతని బిడ్డకు నెలలు నిండాయట, కాన్పయ్యాక తల్లినీ పిల్లనూ ఇంటికి తెచ్చుకోవాలట. ఇంజను చూశాడు, రీడింగు చూశాడు. నేను దిండు, దుప్పటి ముందే తీసేసి ఉంచాను. ధర కుదిరాక అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకన్నా. పీనుగను గిట్ల ఏమన్న మోసిందా?"

ఆ మాట ఎన్నో ఇళ్ల ముందు ఆమె నోటి నుంచి విన్నదే. అప్పుడు ఇంత కరకుగా లేదు.

"లేదు" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. అందులో అబద్ధం లేదు. ఉండాల్సిన అవసరం ఆమె రానివ్వలేదు. అతను తృప్తిగా తలుపు తీసి కూర్చుని, బండి స్టార్టు చేసి పైకి చూశాడు.

"ఏందన్నా, అద్దం గిట్ల కిందికి వంచిండ్రు? ఎనక రోడ్డే కనవడ్తలేదు" అని, దాన్ని పైకి తిప్పుకున్నాడు.